తడి ఆరని వేసవిలో పచ్చిక తెగుళ్లు

అమెరికాలో ఇళ్ల ముంగిళ్లలో, పార్కులలో, గోల్ఫ్ మైదానాలలో పెంచే పచ్చిక విస్తీర్ణాన్ని 2005లో క్రిస్టినా మిలేసి, ఆమె సహ పరిశోధకులు సుమారు 1,63,000 చదరపు కిలోమీటర్లుగా అంచనా వేశారు. ఇది నేటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విస్తీర్ణానికి ఇంచుమించు సమానం. ఆ దేశంలో నీరు పెట్టి పండించే ఏ ఒక్క పంటకన్నా ఎక్కువ. ఇంత మేర పరుచుకున్న ఈ గడ్డి వరి, గోధుమ, జొన్నలు పుట్టిన కుటుంబానికే చెందినది కావడం వల్ల, ఆ పైరులను పీడించే తెగుళ్లలో కొన్ని దీనినీ పీడిస్తాయి. న్యూజెర్సీ, వర్జీనియా, నార్త్ కరోలినా, టెక్సాస్ వంటి రాష్ట్రాలలో స్థిరపడిన ఎన్నో తెలుగు కుటుంబాలకు ఇంటి ముందరి లాన్ సంరక్షణ నిత్యజీవితంలో భాగమైంది. వానలు ఎక్కువైన వేసవిలో ఆ పచ్చిక ఉన్నట్టుండి గోధుమరంగుకు తిరిగితే, ఎండకు మాడిందనుకొని సాయంత్రం పూట మరింత నీరు పెట్టడం, బలం తగ్గిందనుకొని నత్రజని ఎరువు చల్లడం చాలామంది చేసే పని. అక్కడి వేసవి తెగుళ్లలో తీవ్రమైనవాటికి ఈ రెండూ బలాన్నిచ్చేవే. తెగులు ఏదో గుర్తించడం మొదటి పని; ఆకు మీద తడి నిలిచే వ్యవధిని తగ్గించడం రెండవది; మందు పిచికారీ చేయడం ఈ రెండింటి తరువాతే ఆలోచించవలసినది.

తెలుగునాట వేసవి అంటే పొడి ఎండ, వర్షాకాలం దాని తరువాత వచ్చే వేరొక ఋతువు. అమెరికా తూర్పు భాగంలో ఈ రెండూ కలిసే వస్తాయి. జూన్ నుంచి ఆగస్టు వరకు ఉక్కపోత, ఉరుములతో కూడిన వానలు, రాత్రివేళ దట్టంగా కురిసే మంచు ఒకదాని వెంట ఒకటి ఉంటాయి. అక్కడ పెంచే గడ్డి జాతులలో కెంటకీ బ్లూగ్రాస్, పెరెన్నియల్ రైగ్రాస్, టాల్ ఫెస్క్యూ అనేవి 15 నుంచి 24 డిగ్రీల సెల్సియస్ మధ్య బాగా పెరిగే చలి ఋతువు గడ్డి జాతులు. మన గరికే అయిన బెర్ముడా గడ్డి, జోయ్‌సియా, సెయింట్ ఆగస్టీన్ అనేవి 27 నుంచి 35 డిగ్రీల మధ్య ఏపుగా పెరిగే వేడి ఋతువు గడ్డి జాతులు. వేసవి వేడికి చలి ఋతువు గడ్డి వేళ్లు కురచబారి, నిల్వ ఉన్న పిండిపదార్థాలు తరిగి, మొక్క నీరసించే రోజులే చాలా శిలీంధ్రాలకు అనువైన రోజులు కావడం వల్ల, తడి వేసవి నష్టం ఎక్కువగా ఈ జాతుల మీదే పడుతుంది.

మూడు కలిస్తేనే తెగులు

తెగులు పుట్టడానికి మూడు అంశాలు ఒకేసారి కలవాలి: తెగులును తట్టుకోలేని మొక్క, దానిని ఆశించగల రోగకారకం, ఆ రోగకారకానికి అనుకూలమైన వాతావరణం. వీటిలో ఏ ఒక్కటి లోపించినా తెగులు నిలవదు. రోగకారక శిలీంధ్రాలు దాదాపు ప్రతి లాన్‌లోనూ మట్టిలో, ఎండిన ఆకులలో ఎప్పుడూ ఉంటాయి. వాటిని పూర్తిగా నిర్మూలించడం సాధ్యం కాదు. గాలి వేడినీ వాననూ మార్చడం ఎవరి చేతిలోనూ లేదు. అయితే నేలకు రెండు మూడు అంగుళాల ఎత్తున, గడ్డి ఆకుల మధ్య ఉండే సూక్ష్మ వాతావరణం మాత్రం నీరు పెట్టే వేళతో, కోసే ఎత్తుతో, వేసే ఎరువుతో, మీద పడే నీడతో మారుతుంది. ఇంటి యజమాని చేయగలిగినదంతా ఆ పరిధిలోనే ఉంది.

శిలీంధ్రపు సిద్ధబీజం మొలకెత్తి ఆకులోకి చొచ్చుకుపోవడానికి ఆకు మీద పలుచని నీటిపొర కొన్ని గంటలపాటు ఎడతెగకుండా ఉండాలి. తెల్లవారుజామున గడ్డి మీద కనిపించే నీరంతా గాలిలోంచి వచ్చిన మంచు కాదు. వేళ్లు పీల్చిన నీటిలో కొంత భాగాన్ని గడ్డి ఆకు కొనల రంధ్రాల గుండా తానే బయటికి విడుస్తుంది. మంచు బిందువులు ఆకంతటా చిన్నచిన్నగా అలముకొని ఉంటే, ఈ బొట్లు ఒక్కొక్క ఆకు కొనన ఒక్కొక్కటిగా, లావుగా నిలిచి ఉంటాయి. వీటిలో చక్కెరలు, అమైనో ఆమ్లాలు కరిగి ఉంటాయి కాబట్టి, శిలీంధ్రానికి తడితో పాటు ఆహారమూ అక్కడే దొరుకుతుంది. గోల్ఫ్ మైదానాలలో పనివారు తెల్లవారగానే పొడవైన వెదురు కర్రతోనో, ఇద్దరు పట్టి లాగే తాడుతోనో గడ్డిని తుడుచుకుంటూ పోయేది ఈ బొట్లను రాల్చి ఆకును త్వరగా ఆరనివ్వడానికే; ఈ ఒక్క పని డాలర్ స్పాట్ అనే తెగులును చెప్పుకోదగినంతగా తగ్గిస్తుందని ప్రయోగాలలో తేలింది.

గోధుమ వలయాలు: పాముపొడకు కారణమైన శిలీంధ్రం

టాల్ ఫెస్క్యూ లాన్‌లలో తడి వేసవిలో ఎక్కువగా కనిపించేది బ్రౌన్ ప్యాచ్ అనే తెగులు. దీనికి కారణమైన రైజాక్టోనియా సొలాని శిలీంధ్రం తెలుగు రైతుకు కొత్తది కాదు; వరిలో దుబ్బుల మొదళ్ల వద్ద, ఆకు తొడుగుల మీద పాము చర్మాన్ని పోలిన మచ్చలు తెచ్చే పాముపొడ తెగులుకూ ఈ జాతి శిలీంధ్రమే కారణం. వరిలో దుబ్బులు దట్టంగా ఉండి, నత్రజని అధికమై, గాలి ఆడని మడులలో పాముపొడ విజృంభించినట్టే, వసంతకాలం చివర ఎరువు ఎక్కువ వేసిన లాన్‌లలో బ్రౌన్ ప్యాచ్ చెలరేగుతుంది. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు తగ్గకుండా, పగలు 27 డిగ్రీలు దాటి, ఆకు 10 గంటలకు మించి తడిగా ఉన్న రోజులు వరుసగా వచ్చినప్పుడు ఇది రెండు మూడు రోజులలోనే కంటికి కనిపించేంతగా వ్యాపిస్తుంది.

దీని గుర్తులు రెండు దూరాల నుంచి చూడాలి. నిలబడి చూస్తే జానెడు నుంచి ఒకటి రెండు మీటర్ల వరకు వెడల్పున్న గుండ్రని గోధుమరంగు పట్టీలు కనిపిస్తాయి. పొట్టిగా కోసే పచ్చికలో, ఉదయం మంచు ఆరకముందు, ఆ పట్టీ అంచున పొగ రంగులో రెండు మూడు వేళ్ల వెడల్పు వలయం కనిపించవచ్చు; అది అప్పుడే కొత్త ఆకులను ఆక్రమిస్తున్న శిలీంధ్రపు పోగుల సమూహం, ఎండ ఎక్కగానే మాయమవుతుంది. కూర్చొని ఒక ఆకును తెంపి భూతద్దంతో చూస్తే, వంకరటింకరగా ఉన్న లేత గోధుమరంగు మచ్చ, దాని చుట్టూ ముదురు గోధుమరంగు సన్నని గీత స్పష్టంగా ఉంటాయి. టాల్ ఫెస్క్యూలో ఈ శిలీంధ్రం ఆకును తిన్నా మొదలును చాలావరకు చంపదు. చల్లదనం రాగానే దుబ్బులు మళ్లీ చిగురిస్తాయి. ఈ సంగతి తెలియక, ఎండిన పట్టీలను వేసవి మధ్యలోనే తవ్వి పారేసి కొత్త గడ్డి పరిపించడం అనవసరపు ఖర్చు.

బూడిద మచ్చలు: అగ్గి తెగులు సంతతి

రైగ్రాస్‌లో వేసవి చివర వచ్చే గ్రే లీఫ్ స్పాట్ మరింత ప్రమాదకరమైనది. దీనిని కలిగించే పైరిక్యులేరియా ఒరైజె అనే శిలీంధ్రమే వరిలో అగ్గి తెగులును కలిగిస్తుంది. జాతి ఒకటే అయినా ఒక్కొక్క మొక్కకు అలవాటుపడిన వర్గాలు వేరువేరుగా ఉంటాయి. వరి మీద బతికే వర్గం సాధారణంగా రైగ్రాస్‌ను, రైగ్రాస్ మీది వర్గం వరిని ఆశించవు. ఈ శిలీంధ్రానికి కొత్త గడ్డి మొక్కలకు మారే శక్తి ఎంత ఉందో చెప్పడానికి గోధుమే ఉదాహరణ: 1985లో బ్రెజిల్‌లో మొదటిసారి గోధుమ పంట మీద బయటపడిన ఈ తెగులు, 2016లో బంగ్లాదేశ్‌కు చేరి దక్షిణాసియా దేశాలన్నిటినీ అప్రమత్తం చేసింది. అమెరికాలో 1990 దశకంలో తూర్పు రాష్ట్రాల గోల్ఫ్ మైదానాలలోని రైగ్రాస్‌ను ఇది విస్తారంగా దెబ్బతీసింది.

వరి ఆకు మీద అగ్గి తెగులు నూలుకండె ఆకారపు మచ్చలుగా కనిపిస్తే, రైగ్రాస్ ఆకు మీద ముదురు అంచుతో బూడిదరంగు చిన్న మచ్చలుగా మొదలై, ఆకు కొనలు మెలితిరిగి కొక్కెంలా వంగుతాయి. దూరం నుంచి చూస్తే నీటి ఎద్దడికి వాడిన గడ్డిలాగే ఉంటుంది. తెగులు గుర్తింపులో పొరపాటు ఎక్కువగా జరిగేది ఇక్కడే. బ్రౌన్ ప్యాచ్‌కు భిన్నంగా ఇది రైగ్రాస్ మొక్కను మొదలుతో సహా చంపగలదు. విత్తిన కొద్ది వారాలకే ఉన్న లేత మొక్కలు మరీ త్వరగా లొంగిపోతాయి. టెక్సాస్, ఫ్లోరిడా వంటి దక్షిణ రాష్ట్రాలలో ఇదే తెగులు సెయింట్ ఆగస్టీన్ గడ్డికి వస్తుంది. వేసవిలో త్వరగా కరిగే నత్రజని ఎరువు వేసిన చోట, నీడ పట్టున, దీని తీవ్రత ఎక్కువ.

జిడ్డు చారలు: నారుకుళ్లు కారకం

పొగాకు, మిరప, టమాట నారుమళ్లలో మొక్కలు గుంపులుగా మెత్తబడి పడిపోయే నారుకుళ్లు తెగులును చూసినవారు పిథియం బ్లైట్‌ను సులభంగా అర్థం చేసుకోగలరు. నారుకుళ్లును కలిగించే పిథియం జీవులలో ఒకటైన అఫానిడెర్మేటం అనే జాతే లాన్‌లోనూ ముఖ్య కారకం. పైకి బూజులా కనిపించినా పిథియం నిజమైన శిలీంధ్రం కాదు. కొన్ని రకాల నాచులకు దగ్గరి బంధువైన నీటి జీవి, దీని కొన్ని సిద్ధబీజాలు నీటిలో ఈదగలవు కూడా. అందుకే ఇది గుండ్రని పట్టీలతో ఆగకుండా, వాన నీరు పారిన దారి వెంట, కోత యంత్రం చక్రాలు నడిచిన వరుస వెంట పొడవైన చారలుగా సాగుతుంది. పగలు 30 డిగ్రీలు దాటి, రాత్రి 20 డిగ్రీలకు పైనే ఉండి, గాలిలో తేమ నిండుగా ఉన్నప్పుడు ఒకటి రెండు రోజులలో గడ్డి చచ్చిపోతుంది. తెగులు సోకిన ఆకులు నీటిలో నానినట్టు నల్లబడి, వేళ్లతో నలిపితే జిడ్డుగా జారతాయి. ఉదయాన్నే వాటి మీద తెల్లని దూదివంటి బూజు కనిపిస్తుంది. సాధారణ శిలీంధ్రనాశినులలో చాలావాటికి పిథియం లొంగదు కాబట్టి, దీనిని బ్రౌన్ ప్యాచ్‌గా పొరబడితే డబ్బుతో పాటు విలువైన రెండు రోజులూ పోతాయి. ఊరట ఏమంటే, ఎక్కువ ఎత్తున పెంచే ఇంటి లాన్‌లలో ఇది అరుదు. నీరు నిలిచే పల్లపు చోట్లు, అతిగా తడిపే రైగ్రాస్, కొత్తగా విత్తిన నేలలు దీనికి ఎర అవుతాయి.

నత్రజని తగ్గినా చిక్కే

పై మూడూ ఎరువు ఎక్కువైతే పెచ్చరిల్లేవి కాగా, మరికొన్ని ఎరువు తక్కువైన గడ్డినే వెతుక్కుంటాయి. డాలర్ స్పాట్‌లో పొట్టి గడ్డిపై నాణెమంత, ఇంటి లాన్‌లో అరచేతంత తెల్లబారిన మచ్చలు వస్తాయి. ఆకును దగ్గరగా చూస్తే మధ్యలో వెలసిన పట్టీ, దానికి రెండువైపులా ఎరుపు కలిసిన గోధుమరంగు గీతలు ఉంటాయి. నేల పొడిగా, ఆకు మాత్రం రాత్రంతా మంచుతో తడిగా ఉండే స్థితి దీనికి ఎక్కువ అనుకూలం. రెడ్ థ్రెడ్ అనే తెగులు ఆకు కొనల నుంచి గులాబీ ఎరుపు పోగులను బయటికి పొడుస్తుంది. కుంకుమ తెగులు వస్తే లాన్‌లో నడిచినవారి చెప్పులకు నారింజరంగు పొడి అంటుకుంటుంది. ఈ మూడింటికీ కొద్దిపాటి నత్రజని వేసి గడ్డిని ఎదగనిస్తే చాలావరకు సరిపోతుంది. కాబట్టి తెగులు పేరు తేలకముందు ఎరువు వేయడం గాని, మానడం గాని సరైన నిర్ణయం కాదు.

తెగులు కానివాటినీ వేరుచేయాలి. కుక్క మూత్రం పడిన చోట నడుమ ఎండి, చుట్టూ ముదురు ఆకుపచ్చ వలయం ఏర్పడుతుంది. వేరుపురుగు తిన్న చోట గడ్డి చాపను ఎత్తినట్టు నేల నుంచి విడివడుతుంది. మొద్దుబారిన బ్లేడుతో కోసిన గడ్డి కొనలు చీలికలై తెల్లబడతాయి. ఆకు మీద స్పష్టమైన అంచు గల మచ్చ లేకపోతే తెగులు అన్న అనుమానాన్ని పక్కన పెట్టి, మట్టినీ నీటినీ పరిశీలించాలి. అప్పటికీ తేలకపోతే ఆయా రాష్ట్రాల విశ్వవిద్యాలయాల వృక్షవ్యాధి నిర్ధారణ కేంద్రాలకు నమూనా పంపవచ్చు. న్యూజెర్సీలో రట్గర్స్, నార్త్ కరోలినాలో ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయం ఇటువంటి సేవ అందిస్తున్నాయి. నమూనాను పూర్తిగా ఎండిన చోట కాక, సగం పచ్చగా సగం తెగులుతో ఉన్న పట్టీ అంచున, ఐదారు సెంటీమీటర్ల మట్టితో సహా తీసి, మందు కొట్టకముందే, పొడి కాగితంలో చుట్టి పంపాలి.

నీరు, కోత, ఎరువు

యాజమాన్యంలో మొదటి స్థానం నీరు పెట్టే వేళది. సాయంత్రం 7 గంటలకు స్ప్రింక్లర్ తిప్పితే, ఆ తడి మీదే మంచు పడి, మర్నాడు ఉదయం 9 గంటల వరకు, అంటే 14 గంటలపాటు ఆకు ఆరదు. అదే నీరు తెల్లవారుజామున 4 నుంచి 7 గంటల మధ్య పెడితే, ఆకు అప్పటికే మంచుతో తడిసి ఉంటుంది కాబట్టి కొత్తగా తడి వ్యవధి పెరగదు సరికదా, కొనలపై నిలిచిన పోషక బొట్లు కడుక్కుపోతాయి. వానతో కలుపుకొని వారానికి సుమారు 2.5 సెంటీమీటర్ల నీరు చాలు. లాన్‌లో అక్కడక్కడా ఖాళీ డబ్బాలు ఉంచి చూస్తే ఎంత పడుతున్నదీ తెలుస్తుంది. రోజూ పైపైన తడపడం కన్నా, వారానికి ఒకటి రెండుసార్లు వేళ్ల లోతుకు ఇంకేలా పెట్టడం మేలు. వాన పడిన వారంలో టైమర్‌తో నడిచే స్ప్రింక్లర్‌ను ఆపడం ఖర్చులేని తెగులు నివారణ.

కోత విషయంలో మూడు నియమాలున్నాయి. టాల్ ఫెస్క్యూను వేసవిలో 7.5 నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తున ఉంచాలి. ఒకసారికి ఆకు పొడవులో మూడోవంతుకు మించి కోయకూడదు. బ్లేడు పదునుగా ఉండాలి. చీలిన ఆకు కొన శిలీంధ్రానికి తెరిచిన తలుపే. తెగులు ఉధృతంగా ఉన్నప్పుడు తడి గడ్డిని కోయకుండా ఆరేదాకా ఆగాలి, తెగులు పట్టిన భాగాన్ని చివర కోసి యంత్రాన్ని శుభ్రం చేయాలి. పొద్దుటి ఎండ పడేలా చెట్ల కింది కొమ్మలు నరికితే గాలి ఆడి ఆకు త్వరగా ఆరుతుంది. మట్టికీ ఆకులకూ నడుమ కుళ్లకుండా పేరుకునే కాడల, వేళ్ల పొరను థాచ్ అంటారు. అది ఒకటింబావు సెంటీమీటరు దాటితే నీటిని పట్టి ఉంచి, శిలీంధ్రాలకు ఆశ్రయమవుతుంది. చలి ఋతువు గడ్డి లాన్‌లో శరదృతువులో యంత్రంతో చిన్న మట్టి బిళ్లలు తీసి నేలను గుల్లబరిస్తే ఈ పొర క్రమంగా తగ్గుతుంది.

చలి ఋతువు గడ్డికి నత్రజనిలో అధికభాగం సెప్టెంబరు, నవంబరు మధ్య ఇవ్వాలి. ఒక దఫాకు చదరపు మీటరుకు 5 గ్రాముల నత్రజని మించకూడదు. పైరుకు నత్రజనిని దఫదఫాలుగా వేయాలని వరి రైతుకు చెప్పే సలహా వెనుక ఉన్న కారణమే ఇక్కడా ఉంది: ఒక్కసారిగా అందిన నత్రజని కణాలను పెద్దవి చేసి, వాటి గోడలను పలుచన చేసి, శిలీంధ్రానికి దారి సుగమం చేస్తుంది.

మందు పాత్ర, దాని హద్దులు

శిలీంధ్రనాశిని ఎండిన ఆకును తిరిగి పచ్చగా చేయదు. ఇంకా సోకని ఆకును రెండు నుంచి నాలుగు వారాలు కాపాడగలదు, అంతే. అందుచేత గోధుమ పట్టీలు లాన్ అంతా పరుచుకున్నాక కొట్టిన మందుకు ఫలితం స్వల్పం. అజాక్సీస్ట్రోబిన్, ప్రోపికొనజోల్ వంటి మందులు బ్రౌన్ ప్యాచ్ మీద బాగా పనిచేస్తాయి. తెలుగు రైతులకు ఇవి వరిలోనూ పరిచితమే. అయితే ఒకే విధంగా పనిచేసే మందును పదేపదే వాడితే, దానికి లొంగని శిలీంధ్రాలే మిగిలి పెరుగుతాయి. రైగ్రాస్ గ్రే లీఫ్ స్పాట్‌కు అజాక్సీస్ట్రోబిన్ వాడుక మొదలైన కొద్ది ఏళ్లకే ఆ మందును తట్టుకొనే శిలీంధ్రాలు బయటపడ్డాయి. అమెరికాలో మందు లేబుల్ మీద ముద్రించే గ్రూపు సంఖ్య, అజాక్సీస్ట్రోబిన్‌కు 11, ప్రోపికొనజోల్‌కు 3, ఇందుకు ఉపయోగపడుతుంది. రెండవసారి కొట్టేటప్పుడు వాణిజ్య నామం మారితే చాలదు, గ్రూపు సంఖ్య మారాలి.

ఇంటి లాన్ పిల్లలు ఆడుకునే చోటు. దాని మీద కొట్టిన మందు ఆరేవరకు పిల్లలనూ పెంపుడు జంతువులనూ దూరంగా ఉంచడం, వాన సూచన ఉన్న రోజున పిచికారీ మానడం ఐచ్ఛికం కాదు, బాధ్యత. వీధి పక్కని వాన నీటి కాలువలు చాలా ఊళ్లలో నేరుగా వాగులలోకి చేరతాయి. అజాక్సీస్ట్రోబిన్ వంటివి నీటి జీవులకు విషతుల్యం. ఒకప్పుడు గోల్ఫ్ మైదానాల తెగుళ్లకు పాదరసపు మందులు విచ్చలవిడిగా వాడిన చరిత్ర ఉంది. ఆ లోహం మట్టిలో దీర్ఘకాలం నిలిచిపోయింది. వారం రోజుల అందం కోసం నేలనూ నీటినీ పణంగా పెట్టడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

విత్తనంలోనే సగం నివారణ

తెలుగు నగరాలలో జూన్ నుంచి సెప్టెంబరు వరకు సాగే వానాకాలంలోనూ ఈ సూత్రాలన్నీ వర్తిస్తాయి. అయితే ఇక్కడ ఎక్కువగా పెంచే గరిక రకాలు, జోయ్‌సియా వేడి ఋతువు జాతులు కావడం వల్ల, తెగుళ్ల కాలంలో అవి ఏపుగా ఎదుగుతూనే ఉంటాయి, దెబ్బతిన్నా త్వరగా పూడుకుంటాయి. అపార్టుమెంట్ల నీడలో, మురుగు పోని చోట, వాన రోజున కూడా సాయంత్రం గొట్టంతో తడిపే చోట మాత్రం ఇవి కూడా కుళ్లుతాయి. అక్కడ మందు కన్నా ముందు నీరు బయటికి పోయే దారి చూడాలి.

అమెరికాలో చలి ఋతువు గడ్డి లాన్‌కు అసలైన చికిత్సా కాలం ఆగస్టు చివర నుంచి అక్టోబరు మొదటి వరకు. వేసవిలో పలుచబడిన చోట్ల అప్పుడు తిరిగి విత్తడానికి, దొరికిన విత్తనం కాక, తెగుళ్లను తట్టుకొనే రకాలను ఎంచుకోవాలి. మేరీలాండ్‌లోని బెల్ట్స్‌విల్ కేంద్రంగా నడిచే జాతీయ పచ్చిక మూల్యాంకన కార్యక్రమం అనేక రాష్ట్రాలలో రకాలను పక్కపక్కన పెంచి, తెగులు వారీగా ఫలితాలను ప్రచురిస్తుంది. గ్రే లీఫ్ స్పాట్‌ను తట్టుకొనే రైగ్రాస్ రకాలు రట్గర్స్ వంటి చోట్ల జరిగిన ప్రజననం వల్ల నేడు అందుబాటులో ఉన్నాయి. ఒకే రకం కాక రెండు మూడు రకాలు కలిపి విత్తితే, ఒకదానికి సోకిన తెగులు లాన్ అంతటినీ తుడిచిపెట్టదు. వాతావరణాన్ని మార్చలేని చోట, శిలీంధ్రాన్ని నిర్మూలించలేని చోట, రైతు చేతిలో మిగిలేవి విత్తనం ఎంపిక, నీటి వేళ, ఎరువు మోతాదు. వరి మడికి వర్తించిన ఈ వివేకం ముంగిలి పచ్చికకూ అంతే వర్తిస్తుంది. దానిని పాటించిన ఇంట మందు డబ్బా అవసరం ఏటేటా తగ్గుతూ వస్తుంది.